చేపలు దొరికే వాగు, చెరువు దగ్గర పాడికి చవక భూమి ఎలా చూడాలి
ఒడ్డును ఆనుకున్న భూమి చవకగా దొరికితే ముందు ముంపును అనుమానించండి. కాస్త ఎడంగా, మెరక మీద వెతకడం మేలు. నడివేసవిలో ఒకసారి, వరద తీశాక ఒకసారి వెళ్లండి. చెట్ల మొదళ్ల మీది బురద చార నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పేస్తుంది (అమ్మేవాళ్లు చెప్పరు).

పాలు బాగా ఇచ్చే ఆవు ఎండల్లో రోజుకు 100 లీటర్ల దాకా తాగగలదు, పాక కడగడానికి నీరు వేరే. బోరు నీటి పరీక్ష అయ్యాకే బయానా ఇవ్వండి. ఎప్పుడూ చిత్తడిగా ఉండే మేత నేలలో నత్తల వల్ల పశువులకు కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) సోకవచ్చు. ఆ ముక్కకు కంచె వేయాల్సిందే, దాన్ని మేత విస్తీర్ణంలో లెక్కేయకండి.

పేడ గుంతకు నీటికి దూరంగా చోటుండాలి. పేడనీరు వాగులో కలిస్తే ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి. చేపలు పట్టే హక్కు భూమితో వస్తుందో లేదో పత్రాల్లోనే చూసుకోండి.