ఉబ్బసం: మందుతో పాటు ఊపిరినీ మనసునూ కుదుటపరచుకునే పద్ధతులు

ఉబ్బసం ఉన్న ఇంటికి సలహాలకు కొదవ ఉండదు. ఒకరు తులసి కషాయం తాగమంటారు, ఇంకొకరు ప్రాణాయామం చేస్తే ఇన్‌హేలర్ అక్కర్లేదంటారు, మరొకరు ఇదంతా మనసులోని బెంగే తప్ప జబ్బు కాదని తేల్చేస్తారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది, అంతకు మించిన ప్రమాదం కూడా ఉంది. ఊపిరి తీసే పద్ధతి, మనసు స్థితి, ఇంటి వాతావరణం ఉబ్బసాన్ని నిజంగానే పెంచుతాయి, తగ్గిస్తాయి. అయితే వాటి బలం ఎంతవరకో తెలుసుకుని వాడుకుంటేనే మేలు జరుగుతుంది.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచి ఉంటుంది. దుమ్మో, పొగో, చలిగాలో, జలుబో తగిలినప్పుడు ఆ నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల జిగురు తెమడ పేరుకుంటుంది, పిల్లికూతలు మొదలవుతాయి. సాల్బుటమాల్ వంటి ఉపశమన ఇన్‌హేలర్ ఆ కండరాలను నిమిషాల్లో సడలిస్తుంది. వాపును తగ్గించేది మాత్రం పీల్చే స్టెరాయిడ్, అది కూడా రోజూ వాడితే రోజులు, వారాల మీద. ఆ వాపును అంత నమ్మకంగా తగ్గిస్తుందని రుజువైన కషాయం గాని ఆసనం గాని ఏదీ లేదు. అందుచేత కింద చెప్పబోయేవన్నీ డాక్టరు రాసిన మందుకు తోడుగా చేయవలసినవే. ఒంట్లో తేలికగా ఉందని రోజువారీ ఇన్‌హేలర్‌ను సొంతంగా మానేయడం ఉబ్బసంలో తరచుగా జరిగే పొరపాటు. గర్భిణులు కూడా భయపడి మానకూడదు, ఎందుకంటే తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది.

హాయిగా అనిపించడం వేరు, నాళాలు తెరుచుకోవడం వేరు

అమెరికాలోని బోస్టన్‌లో చేసి 2011లో ప్రచురించిన ఒక పరిశోధనను ఉబ్బసం ఉన్న ప్రతివారూ తెలుసుకోవాలి. అందులో పాల్గొన్నవారికి వేర్వేరు రోజుల్లో నిజమైన సాల్బుటమాల్, మందు లేని ఉత్తి ఇన్‌హేలర్, గుచ్చినట్టు నటించే ఆక్యుపంక్చర్ ఇచ్చి చూశారు, కొన్ని రోజులు ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టారు. ఎంత నయంగా ఉందని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకే జవాబు వచ్చింది. యంత్రంతో కొలిచినప్పుడు మాత్రం నిజమైన మందుతో గాలి ప్రవాహం 20 శాతం పెరగగా, మిగిలిన అన్నిటితోనూ 7 శాతం దగ్గరే ఆగింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. వారికి నిజంగానే హాయిగా అనిపించింది, కానీ నాళాలు బిగుసుకునే ఉన్నాయి.

కనుక సహజ పద్ధతులు పాటించాలనుకునేవారు ముందుగా సమకూర్చుకోవలసినది, గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్. మందుల షాపుల్లో కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇది. నిలబడి, ముల్లును సున్నా దగ్గరకు జరిపి, నిండుగా గాలి పీల్చి, పెదవులతో గొట్టం అంచును సందు లేకుండా మూసి, ఒక్క ఊపున ఎంత బలంగా వీలైతే అంత బలంగా ఊదాలి. మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకెను రాసుకోవాలి. జబ్బు అదుపులో ఉన్న రెండు వారాల పాటు ఉదయం, సాయంత్రం ఇలా రాస్తే మీ అత్యుత్తమ అంకె తెలుస్తుంది. అది 400 అనుకుందాం. 320 పైన, అంటే అందులో 80 శాతం పైన ఉన్నంతకాలం నిశ్చింతగా ఉండవచ్చు. 320కీ 200కీ మధ్య పడితే డాక్టరు ముందే చెప్పి ఉంచిన విధంగా మందు మార్చుకోవాలి. 200 కంటే, అంటే సగం కంటే తగ్గితే ఆస్పత్రికి బయలుదేరాలి. ఏ కషాయం తాగినా, ఏ ప్రాణాయామం చేసినా, కొన్ని వారాల పాటు ఈ అంకెను పక్కన రాసుకుంటూ పోతే అది మీకు ఎంతవరకు పనిచేస్తోందో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఊపిరి సాధన

ఉబ్బసం ఉన్నవారు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన శ్వాస సాధన ఇన్‌హేలర్‌ను సరిగ్గా పీల్చడమే. స్ప్రేలా కొట్టే ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, గొట్టాన్ని పెదవుల మధ్య బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. ఆ తరువాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో మోతాదు అవసరమైతే అర నిమిషం ఆగి మళ్లీ కుదిపి తీసుకోవాలి. స్పేసర్ అనే డబ్బా తగిలిస్తే మందు గొంతులో పడిపోకుండా ఛాతీలోకి ఎక్కువగా చేరుతుంది. ఇది పిల్లలకే కాదు, పెద్దలకూ మంచిదే. గుళిక వేసి పీల్చే పొడి మందుకు పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ మొదటి క్షణం నుంచే గట్టిగా, వేగంగా లాగాలి. ఈ రెండింటినీ తారుమారు చేసి పీల్చేవారికి ఖరీదైన మందు కూడా పనిచేయదు. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ తరువాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇక అసలు శ్వాస అభ్యాసం విషయానికి వద్దాం. ఆయాసపడుతున్నవారిని చూసి చుట్టూ ఉన్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు" అని కంగారుపెడతారు. ఉబ్బసంలో కష్టమంతా లోపలికి పోయిన గాలి బయటికి రాకపోవడంలోనే ఉంది. నిండిన ఛాతీలోకి ఇంకా గాలి లాగితే బిగువు పెరుగుతుంది. పైగా వేగంగా, లోతుగా పీల్చేకొద్దీ రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం రెట్టింపవుతుంది. 1950లలో సోవియట్ వైద్యుడు బుటేకో రూపొందించిన పద్ధతి, 1960లలో ఇంగ్లండులోని పాప్‌వర్త్ ఆస్పత్రిలో పుట్టిన పద్ధతి, రెండూ ఈ అతిశ్వాసను తగ్గించి, ముక్కుతో, నిదానంగా, పొట్ట కదిలేలా ఊపిరి తీయడాన్నే నేర్పుతాయి. ఇటువంటి అభ్యాసాల వల్ల బాధ, బెంగ తగ్గి రోజువారీ జీవితం మెరుగుపడుతుందని పరీక్షల్లో తేలింది. ఊపిరితిత్తుల పనితీరులో మాత్రం పెద్ద మార్పు కనిపించలేదు.

అభ్యాసం ఇలా మొదలుపెట్టండి. ఆయాసం లేని వేళ, కుర్చీలో వెన్ను ఆనించి, భుజాలు వదులుగా ఉంచి కూర్చోండి. ఒక అరచేతిని ఛాతీ మీద, మరొకదాన్ని బొడ్డు పైన పెట్టుకోండి. నోరు మూసి ముక్కుతో మెల్లగా పీల్చినప్పుడు కింది చెయ్యి మాత్రమే పైకి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. పీల్చడానికి రెండు అంకెల కాలం పడితే, వదలడానికి నాలుగు అంకెల కాలం తీసుకోండి. వదిలేటప్పుడు పెదవులు సన్నగా చేసి, వేడి పాలు చల్లార్చడానికి ఊదినట్టు గాలిని నిదానంగా పోనివ్వండి. మొదటి రోజుల్లో పై చెయ్యే లేస్తుంది. దానికి నిరుత్సాహపడవద్దు, పూటకు పది నిమిషాల చొప్పున కొన్ని వారాలు చేస్తే పొట్టతో ఊపిరి తీయడం అలవాటవుతుంది. ఆయాసం వచ్చాక కొత్తగా నేర్చుకోవడం ఎవరి వల్లా కాదు, అందుకే బాగున్నప్పుడే సాధన చేయాలి.

ప్రాణాయామంలో ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన, తుమ్మెదలా ఝుంకారం చేసే భ్రామరి ఉబ్బసం ఉన్నవారికి అనువైనవి, అయితే ఊపిరి బిగబట్టే కుంభకాన్ని వదిలేయాలి. కపాలభాతి, భస్త్రిక వేగంగా గాలి కొట్టించే క్రియలు కాబట్టి, పిల్లికూతలు ఉన్న రోజున వాటి జోలికి పోకూడదు. ముక్కును నీటితో కడుక్కునే జలనేతి చేసేవారు కుళాయి నీటిని నేరుగా వాడకుండా, మరగకాచి చల్లార్చిన నీరే వాడాలి.

మనసు ఛాతీని బిగించేది ఎలా

1886లో బాల్టిమోర్‌కు చెందిన మెకెంజీ అనే వైద్యుడు, గులాబీలంటే పడని ఒక రోగి ముందు అచ్చం నిజమైనదిలా కనిపించే కృత్రిమ గులాబీని పట్టుకున్నాడు. పుప్పొడి రేణువు ఒక్కటి కూడా లేకపోయినా నిమిషాల్లో ఆమెకు తుమ్ములు, ఛాతీలో బరువు మొదలయ్యాయి. 1968లో వెలువడిన మరో పరిశోధనలో, 40 మంది ఉబ్బసం రోగులకు వట్టి ఉప్పునీటి ఆవిరి ఇచ్చి, అది వారికి పడని పదార్థమని చెప్పారు. 19 మందిలో శ్వాసనాళాలు కొలతకు అందేంతగా బిగుసుకున్నాయి. మెదడు నుంచి శ్వాసనాళాల కండరాలకు నేరుగా నరాల దారి ఉంది. భయం, కోపం, దుఃఖం ఆ దారిన ఛాతీకి చేరతాయి. గట్టిగా ఏడ్చినా, పగలబడి నవ్వినా కూడా కొందరికి దగ్గు తెరలు వస్తాయి. కాబట్టి "నువ్వు ఊరికే బెంగపడుతున్నావు" అని రోగిని తప్పుపట్టడం అన్యాయం. బెంగ కారణమైనప్పుడు కూడా బిగుసుకునేవి నిజమైన నాళాలే.

పీక్ ఫ్లో రాసుకునే పుస్తకంలోనే ఆ రోజు జరిగిన సంగతిని ఒక్క వాక్యంలో రాయండి. పరీక్షల ముందురోజు, అత్తింటిలో మాటా మాటా పెరిగిన రోజు, జీతం ఆలస్యమైన రోజు అంకె పడిపోతోందా అన్నది కొన్ని వారాల్లో బయటపడుతుంది. మనసును బాధించిన విషయాన్ని వరుసగా మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు కాగితం మీద పెట్టినవారిలో నాలుగు నెలల తరువాత కూడా ఊపిరితిత్తుల పనితీరు మెరుగ్గా ఉందని 1999లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. తరువాతి అధ్యయనాలన్నిటిలో అంత ఫలితం రాలేదు, అయినా ఖర్చులేని ఈ పని చేసి చూడదగినదే. రాత్రి పడుకునే ముందు పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కొక్క కండరాన్ని బిగించి వదిలే సడలింపు అభ్యాసం నిద్రకు కూడా మేలు చేస్తుంది. బెంగ రోజుల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చాలా ముఖ్యం. గుండెదడకు, వేదిక భయానికి, పార్శ్వపు నొప్పికి ఇచ్చే ప్రొప్రనొలాల్ మాత్ర ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలను ప్రమాదకరంగా బిగించగలదు. ఏ మాత్ర తీసుకోబోతున్నా, మీకు ఉబ్బసం ఉందని డాక్టరుకు ముందుగా చెప్పండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా కొందరికి పడవు. ఆయాసం వచ్చినప్పుడు కంగారు తగ్గుతుందని నిద్రమాత్ర వేసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇల్లు, వంటిల్లు

పొగను ఇంట్లోంచి తరిమితే సగం పని అయినట్టే. దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి, ఎండుమిరప తాలింపు ఘాటు, భోగిమంట, దీపావళి టపాకాయలు, అన్నిటినీ మించి ఇంట్లోవాళ్ల సిగరెట్, బీడీ ఉబ్బసానికి శత్రువులే. కాయిల్ బదులు దోమతెర కట్టుకోవచ్చు, తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉబ్బసం ఉన్నవారు అవతలి గదిలో ఉండవచ్చు. పరుపుల్లో పెరిగే కంటికి కనిపించని పురుగుల కోసం దుప్పట్లు, గలేబులు వారానికోసారి బాగా వేడి నీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి చాలామందికి పడదు, పూత రాకముందే పీకించడం మంచిది.

అల్లం, తులసి, మిరియాలు, తేనె కలిపిన వెచ్చని కషాయం గొంతుకు హాయినిస్తుంది, నిరభ్యంతరంగా తాగవచ్చు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు. కాఫీలోని కెఫీన్ నాళాలను కొన్ని గంటల పాటు కొద్దిగా తెరుస్తుంది, కానీ మందుకు బదులయ్యేంత బలం దానికి లేదు. అడ్డసరం ఆకులోని పదార్థం ఆధారంగానే తెమడను పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. ఉమ్మెత్త ఆకుల పొగను ఉబ్బసానికి పీల్చే అలవాటు 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు నుంచి ఇంగ్లండుకు వెళ్లింది, తరువాత కాలంలో ఆ జాతి మొక్కల్లోని రసాయనాల ఆధారంగా ఇప్రాట్రోపియం అనే ఇన్‌హేలర్ మందు వచ్చింది. మన మొక్కలకు గుణం ఉందనడానికి ఇవి సాక్ష్యాలు. అయితే ఉమ్మెత్త విషం, దాన్ని ఇంట్లో ఏ రూపంలోనూ వాడకూడదు. మరిగే నీటి ఆవిరి పట్టడం ఉబ్బసాన్ని తగ్గించదు, పిల్లలకు ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. పేరు చెప్పని పొడులు, మాత్రలు వేసుకున్న రెండు రోజులకే అద్భుతంగా తగ్గిందంటే, అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి.

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిన కుటుంబం కొరమీను పిల్లతో ఇచ్చే ప్రసాదం కోసం వేలమంది వస్తారు. అది జబ్బును నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లేవారిని వద్దనను. క్యూలో నిలబడేటప్పుడు ఉపశమన ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, తిరిగి వచ్చాక రోజువారీ మందు ఒక్క పూట కూడా ఆపకూడదు.

ఆయాసం ముంచుకొచ్చినప్పుడు

వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, పడుకోనివ్వకండి, బట్టలు వదులు చేయండి. ఉపశమన ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో ఒక్కొక్క మోతాదుగా నాలుగుసార్లు ఇవ్వండి, ప్రతి మోతాదుకూ నాలుగుసార్లు ఊపిరి తీయనివ్వండి. నాలుగు నిమిషాలు ఆగి చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు ఇవ్వండి. పక్కన కూర్చుని తక్కువ గొంతుతో "మెల్లగా వదులు" అని చెబుతూ, సన్నని పెదవులతో గాలి వదలడంలో సాయపడండి. సాధన చేసిన శ్వాస అప్పుడే అక్కరకు వస్తుంది. వాక్యం పూర్తిచేయలేకపోయినా, డొక్కలు ఎగురుతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా, రెండోసారి మందుకు కూడా గుణం కనిపించకపోయినా 108కి ఫోన్ చేయాలి, అంబులెన్సు వచ్చేదాకా మందు ఇస్తూనే ఉండాలి. అంతవరకు వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి మనిషి నీరసిస్తే, అది తగ్గడం కాదు, గాలి కదలిక ఆగిపోతోందని గుర్తు. ఇంట్లోనే సర్దుకున్నా, ఒకటి రెండు రోజుల్లో పీక్ ఫ్లో పుస్తకం వెంట తీసుకుని డాక్టరును కలవండి.