పెప్పర్ స్ప్రే సంచిలో వేసుకునే ముందు

మా అమ్మాయి చదువు కోసం ఇంగ్లండ్ బయలుదేరే ముందు రోజు, సూట్‌కేసు సర్దుతుంటే మేజోళ్ల మధ్య చిన్న ఎర్ర డబ్బా కనిపించింది. వాళ్ల పిన్ని ప్రేమకొద్దీ పెట్టిన పెప్పర్ స్ప్రే. నేను దాన్ని తీసేశాను. బ్రిటన్‌లో 1968 నాటి ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం హానికర ద్రవాన్ని, వాయువును చిమ్మే సాధనం నిషిద్ధ ఆయుధం. ఆత్మరక్షణకే అన్నా దగ్గర ఉంచుకోవడమే నేరం.

కాబట్టి కొన్న చోటి చట్టం కాదు, మీరు నడిచే చోటి చట్టం చూడండి. డబ్బా మీద రాసినదాన్ని బట్టి కూడా నిర్ణయానికి రావద్దు. జర్మనీలో 'జంతువుల నుంచి రక్షణకు' అని ముద్రించిన స్ప్రేని మామూలుగా వెంట ఉంచుకోవచ్చు. ఎవరైనా మీద పడితే వాళ్లపై వాడినా ఆత్మరక్షణగా పరిగణిస్తారు. కెనడాలో ఎలుగుబంట్ల కోసం అమ్మే స్ప్రేని మనుషుల మీద వాడే ఉద్దేశంతో పట్టుకు తిరిగితే అదే కేసు అవుతుంది. పోలీసు అడిగినప్పుడు మీరు చెప్పే కారణమే అక్కడ సాక్ష్యం.

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన. న్యూయార్క్‌లో 18 ఏళ్లు నిండాలి. కాలిఫోర్నియాలో డబ్బాలోని పదార్థం 2.5 ఔన్సులు మించకూడదు. కొనేటప్పుడు నికర బరువు, గడువు తేదీ తప్పక చదవండి.

భారతదేశంలో వెంట ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. చిక్కంతా వాడకంలోనే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకూ సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవే. ముంచుకొచ్చిన ప్రమాదాన్ని తప్పించుకోవడానికి ఎంత అవసరమో అంతే బలం వాడాలి. మాటల తగాదాలో చిమ్మితే, పారిపోతున్న వాడి వెంటపడి చిమ్మితే ఈ రక్షణ దొరకదు. 2024లో కర్ణాటక హైకోర్టు పెప్పర్ స్ప్రేని ప్రమాదకర ఆయుధంగా పేర్కొంటూ, దాన్ని వాడినవారిపై కేసు కొట్టివేయడానికి నిరాకరించింది.

విమానంలో చేతి సంచిలో అసలు పెట్టవద్దు. అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం చెక్-ఇన్ సామానులో 118 మిల్లీలీటర్లు మించని డబ్బా ఒక్కటి, పొరపాటున నొక్కుకోకుండా మూత ఉంటేనే, అనుమతిస్తారు. అయినా చాలా విమాన సంస్థలు వద్దంటాయి. ముందుగా అడగండి.

వాడవలసి వస్తే అక్కడి నుంచి వెంటనే దూరం వెళ్లి, ముందు మీరే పోలీసులకు ఫోన్ చేయండి. భయపడి డబ్బా పారేయవద్దు. ఏం జరిగిందో వరుసగా చెప్పండి, చూసినవారి ఫోను నంబరు తీసుకోండి.

మా అమ్మాయికి చివరికి తాళాల గుత్తికి తగిలించే అలారం ఇచ్చాను. దాని పిన్ను లాగితే వచ్చే మోత బ్రిటన్‌లో నేరం కాదు. వెళ్లే ముందు హాల్లో ఒకసారి లాగించి చూశాను. కుడి చేత్తో, సంచిలోకి చూడకుండా.