ఫొటోషాప్‌లో వెలుతురును బట్టి సెలెక్షన్

ఆకాశం తెల్లగా వెలిసిపోయి, ముఖం నీడలో పడిన ఫొటోకి లాసో (చేత్తో గీత గీసి భాగాన్ని ఎంచుకునే టూల్) పట్టుకుని చెట్టు కొమ్మల వెంట తిరగడం వృథా శ్రమ. వెలుతురునే సెలెక్షన్‌గా మార్చుకోండి.

చానల్స్ ప్యానెల్‌లో కంట్రోల్ (మ్యాక్‌లో కమాండ్) నొక్కిపట్టి ఆర్‌జీబీ అన్న పేరు పక్కనున్న చిన్న బొమ్మ మీద క్లిక్ చేయండి. తెల్లని పిక్సెల్ పూర్తిగా, బూడిద రంగుది కొంతమేరకు సెలెక్ట్ అవుతుంది, నల్లనిది అసలు కాదు. అంచులు వాటంతటవే మెత్తగా వస్తాయి, ఫెదర్ (అంచుల్ని మెత్తబరిచే ఆప్షన్) వేయొద్దు. వేస్తే కొమ్మల చుట్టూ వెలుగు వలయం పడుతుంది.

నీడలు కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఐ కలిపి నొక్కి తిరగేయండి. బాగా వెలుగున్న చోట్లే కావాలంటే, సెలెక్షన్ ఉండగానే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టి అదే బొమ్మ మీద మళ్లీ క్లిక్ చేయండి: 50 శాతం సెలెక్ట్ అయిన పిక్సెల్ 25కి తగ్గుతుంది.

చాలామంది కంగారుపడేది ఇక్కడే. చీమల బారులా కదిలే గీత 50 శాతం దాటిన పిక్సెళ్ల చుట్టూనే కనిపిస్తుంది. గీత లేకపోయినా సెలెక్షన్ ఉంటుంది. సెలెక్షన్‌ను అలాగే ఉంచి కర్వ్స్ లేయర్ (వెలుగునీడల్ని సవరించే పొర) పెట్టండి, ఆ సెలెక్షనే దాని మాస్క్ (మార్పు ఎక్కడెంత పడాలో చెప్పే నలుపు తెలుపు బొమ్మ) అవుతుంది. ఆల్ట్ పట్టి మాస్క్ మీద క్లిక్ చేసి చూడండి: నీడల్ని సెలెక్ట్ చేసి ఉంటే, వాటితోపాటు నల్లజుట్టూ తెల్లగా కనబడుతుంది. దాన్ని నల్ల బ్రష్‌తో కప్పేయండి.

8 బిట్ జేపెగ్‌లో రంగుల మెట్లు తక్కువ కాబట్టి, ఆకాశాన్ని కర్వ్స్‌తో ఎక్కువ మారిస్తే చారలు పడతాయి. రా ఫైల్ (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైల్) ఉంటే 16 బిట్‌లో తెరవండి.