విట్నీ పత్తి యంత్రం పేటెంట్‌ను చదివే పద్ధతి

జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌గా పనిచేసే నాకు పాత పేటెంట్లంటే ప్రాణం. మొదటిసారి చదివేవాళ్లకు నేను ఇచ్చేది ఎలీ విట్నీ పత్తి జిన్ (పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రం), అమెరికా పేటెంట్, 1794 మార్చి 14.

వెతికేటప్పుడు నంబరు 72 పక్కన ఎక్స్ అక్షరం మర్చిపోకండి. 1836 డిసెంబరులో అక్కడి పేటెంట్ ఆఫీసు కాలిపోయి పాత కాగితాలు బూడిదయ్యాయి. దొరికిన నకళ్లతో కొన్నిటిని తిరిగి నిలబెట్టి, ఆ ఏడాది జులైకి ముందువాటికి ఎక్స్ గుర్తు పెట్టారు.

రాత జోలికి పోకుండా ముందు బొమ్మ చూడండి. చేతి పిడి ఎక్కడుందో పట్టుకుని, అది తిప్పితే ఏది కదులుతుందో వేలితో వెంబడించండి. ఇనుప తీగల పళ్లున్న రోలరు పత్తిని సన్నని సందుల్లోంచి లాగుతుంది. గింజ ఆ సందులో పట్టదు, ఇవతలే రాలుతుంది. అవతల ఎదురు దిశలో తిరిగే బ్రష్ పళ్లకు అంటుకున్న దూదిని ఊడ్చేస్తుంది. నన్ను అడిగితే అసలు తెలివి ఈ బ్రష్‌లోనే ఉంది, అది లేకపోతే పళ్లు దూదితో పూడుకుపోతాయి.

తర్వాత వివరణ చదవండి, పూర్తిగా. 1836కు ముందు పేటెంట్లలో హక్కు కోరే భాగం విడిగా రాయాలన్న నిబంధన లేదు, కొత్తదేదో మనమే ఏరుకోవాలి.

చివరగా, 1796లో హాడ్జెన్ హోమ్స్ తీసుకున్న పేటెంట్‌ను పక్కన పెట్టుకోండి. తీగల బదులు గుండ్రటి రంపాలు. ఇప్పటి సా జిన్ (రంపాలతో నడిచే జిన్) మిల్లులో రంపాల వరుస చూసినవాళ్లు ఈ పోలికను వెంటనే గుర్తుపడతారు.