మే నెలలో మాయమైన రుబీడియం మబ్బు: ఎక్కడ వెతకాలి?

మబ్బు అంటే గాలి తీసేసిన గాజు సెల్ (చిన్న పెట్టె) లోపల లేజర్లు, అయస్కాంత కాయిల్స్ కలిసి చల్లబరిచి పట్టి ఉంచే రుబీడియం పరమాణువుల గుంపు. ఆ ఏర్పాటునే ట్రాప్ అంటాం.

సమస్య: పొద్దున కెమెరాలో ముద్దగా కనిపించిన మబ్బు మధ్యాహ్నానికి పలచబడింది. చుట్టూ సెల్ అంతా మసగ్గా మెరుస్తోంది.

అందరి అనుమానం లేజర్ మీదికే పోతుంది. నేనూ రెండు రోజులు అద్దాల మరలు తిప్పుకుంటూ కూర్చున్నా. మీరు ముందు గోడకున్న థర్మామీటర్ చూడండి. రుబీడియం 39.3 డిగ్రీలకు కరుగుతుంది. నల్లగొండ ఎండాకాలంలో ఏసీ ఆగిన గది అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. కరగడం వరకూ ఆగక్కర్లేదు కూడా. 25 డిగ్రీల నుంచి 39కి వచ్చేసరికి దాని ఆవిరి పీడనం నాలుగు రెట్లు దాటుతుంది. ట్రాప్‌లోని పరమాణువులు సున్నా కెల్విన్‌కు (అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతకు) చాలా దగ్గర్లో ఉంటాయి, కానీ వాటిని గుద్ది బయటికి తోసేది గది వేడిలో తిరిగే ఈ ఆవిరే.

పరిష్కారం: డిస్పెన్సర్ (వేడెక్కి రుబీడియం ఆవిరిని వదిలే చిన్న గొట్టం) కరెంటు తగ్గించండి. రుబీడియం ఉన్న కొసకు పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక) కట్టి గది కంటే చల్లగా ఉంచండి. ఏసీ రాత్రంతా నడవాలి, గాలి మాత్రం లేజర్ మీదికి కొట్టకూడదు. కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా లాక్ (లేజర్‌ను ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టి ఉంచే ఏర్పాటు) జారుతుంది.

సమస్య: మబ్బు అసలే రాదు.

రుబీడియంలో 85, 87 అని రెండు ఐసోటోపులు (బరువు తేడా ఉన్న రకాలు) ఉన్నాయి. సహజ రుబీడియంలో 72 శాతం 85 రకమే. స్క్రీన్ మీద అది వెలుగు పీల్చుకున్న చోట కనిపించే గుంటే పెద్దది కాబట్టి కొత్తవాళ్లు దానికే లాక్ పెట్టేస్తారు, రీపంప్ లేజరేమో (దారి తప్పిన పరమాణువులను మళ్లీ చల్లబడే స్థితికి తెచ్చేది) 87కి సెట్ అయి ఉంటుంది. రెండూ ఒకే రకానికి ఉండాలి. కూలింగ్ లేజర్ ఫ్రీక్వెన్సీ, పరమాణువు వెలుగు పీల్చే ఫ్రీక్వెన్సీకి (లైన్‌కి) 10-20 మెగాహెర్ట్జ్ కింద ఉండాలి. అవన్నీ సరిగ్గా ఉంటే కాయిల్స్ వైర్లు తారుమారు చేసి చూడండి. నవ్వకండి, చాలాసార్లు అదే.

సమస్య: గాలివానకు కరెంటు పోయింది, వచ్చాక మబ్బు నిలవట్లేదు.

సెల్‌లో మిగిలిన గాలిని లాగేసే అయాన్ పంప్ ఆగితే వాక్యూమ్ పాడవుతుంది. పంప్ కరెంటు పాత అంకెకు దిగేదాకా డిస్పెన్సర్ ముట్టొద్దు. పంప్‌కి వేరే యూపీఎస్ పెట్టండి, ఏసీ దానికి తగిలించకండి.

1995లో అమెరికాలోని బౌల్డర్‌లో శాస్త్రవేత్తలు కార్నెల్, వీమన్ తొలి కండెన్సేట్ (పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలోకి చేరిన అతి చల్లని మబ్బు) చేసినప్పుడు బల్ల నిండా అద్దాలే. అదే ఊళ్లో 2007లో కోల్డ్‌క్వాంటా అనే కంపెనీ పుట్టింది. ఇప్పుడు సెల్ పెట్టెలో రెడీగా వస్తోంది. అయినా గది మనదే, నీళ్లూ మనవే. కాయిల్స్‌ను నీళ్లతో చల్లబరిచే చిల్లర్‌లో బోరు నీళ్లు పోశారా? సున్నం పేరుకుని కాయిల్స్ వేడెక్కుతాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనండి.