పొట్టిక్కలకి నాలుగు చేతులు కావాలి

పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, ఒక్కరు కూర్చుని చేసుకునే టిఫిన్ కాదండి. ఒకరు ఆకులు కలిపి పట్టుకోవాలి, ఇంకొకరు పుల్ల గుచ్చాలి. చెయ్యి తిరిగిన మా అత్తగారు ఒక్కరే చకచకా ఇరవై బుట్టలు కుట్టేస్తారు, అది వేరే సంగతి. కొత్తగా మొదలుపెట్టే మొగుడూ పెళ్ళాలకి మాత్రం ఎదురెదురుగా కూర్చోమనే చెబుతాను. మా ఇంట్లో నెలకి రెండు ఆదివారాలు అలాగే గడుస్తాయి.

మాది పాలకొల్లు. మా ఆవిడ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. పెళ్ళికి ముందు నాకు పొట్టిక్క అంటే పనసాకులో పోసిన ఇడ్లీ, అంతే. చించినాడ వంతెన దాటి అత్తవారింటికి వెళ్ళి, పొద్దున్నే పెరట్లో పనసచెట్టు కింద ఆకులు ఏరుతుంటే తెలిసింది, పిండి ఎవరైనా రుబ్బుతారు, పనంతా బుట్టలోనే ఉందని.

ముందు ఆకు చూసుకోండి. లేతాకు ఆవిరికి మెత్తబడి చిరుగుతుంది. బాగా ముదిరింది వంచితే ఫెళ్ళున విరుగుతుంది. నడిరకం ఆకు కావాలి. మధ్య ఈనె మీదుగా సగానికి వంచి చూడండి. విరక్కుండా వంగి, వదిలాక మెల్లిగా తెరుచుకుంటే అదే మనకి కావలసిన ఆకు. అరచేయంత పెద్దవి, ఒక్కో బుట్టకి నాలుగూ ఒకే సైజులో ఉండేలా ఏరుకోండి. తొడిమ తుంచగానే పాలు కారతాయి. బట్టలకి అంటితే ఆ జిగురు వదలదు, అందుకే చేతులకి ముందే కాస్త కొబ్బరినూనె రాసుకోండి. ఆకుల్ని రెండు వైపులా తడిగుడ్డతో తుడవండి, వెనక వైపు మరీ జాగ్రత్తగా. దుమ్మూ పురుగూ అక్కడే ఉంటాయి. ముందురోజు సాయంత్రమే కోసి తడిగుడ్డలో చుట్టి పెడితే పొద్దుటికి కాస్త వాడి, చెప్పిన మాట వింటాయి. మేం అత్తవారింటి నుంచి తెచ్చుకున్న ఆకుల్ని రెండు రోజులదాకా అలాగే ఉంచుతాం.

పుల్లలకి కొబ్బరి ఈనెలు. ఇల్లు ఊడ్చని కొత్త చీపురు ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకోండి. రెండంగుళాల ముక్కలు చేసి, ఒక కొసని ఏటవాలుగా చెక్కి, అరగంట నీళ్ళలో నానబెడితే గుచ్చేటప్పుడు చిట్లవు. బుట్టకి ఐదు చొప్పున 12 బుట్టలకి 60 ముక్కలు, 48 ఆకులు. చిరిగిపోయేవి కొన్ని ఉంటాయి కాబట్టి ఆకులు ఓ పది ఎక్కువే కోసుకోండి.

పిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక గ్లాసు మినపగుళ్ళకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్ళు 4 గంటలు నానాక చల్లటి నీళ్ళు చిలకరిస్తూ మెత్తగా రుబ్బాలి. చిన్న ఉండ నీళ్ళలో వేస్తే తేలాలి. రవ్వని కడిగి, గంట నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి కలపండి. ఇడ్లీ పిండికన్నా ఒక వాసి గట్టిగా ఉండాలి, పల్చనైతే ఎంత మంచి బుట్టయినా కారుతుంది. ఉప్పు వేసి పొంగడానికి వదిలేయండి. ఎండాకాలం మా వైపు 6, 7 గంటల్లో గిన్నె అంచుదాకా వచ్చేస్తుంది. సంక్రాంతి చలికి 10, 12 గంటలు పడుతుంది. పొద్దున్న ఆ పొంగుని గరిటెతో కలియబెట్టి చంపేయకండి.

ఇప్పుడు బుట్ట. ఇద్దరూ నేలమీద చాప వేసుకుని కూర్చోండి. తొడిమలు కత్తిరించేయండి. రెండు ఆకుల కొసలు ఎదురెదురుగా మధ్యలోకి తెచ్చి, ఒకదానిమీద ఒకటి మూడు వేళ్ళ వెడల్పున ఎక్కించండి. మిగిలిన రెండిటినీ వాటికి అడ్డంగా, కొసలు అలాగే ఎక్కేలా పెట్టండి. మేం నున్నటి వైపు లోపలికి ఉంచుతాం. నాలుగు కొసలూ కలిసిన చోట ఒక పుల్లని కిందికి గుచ్చి, పైకి తీసి కుట్టులా బిగించండి. ఇక పక్కపక్క ఆకులు రెండూ పైకి లేపి, అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి పుల్ల గుచ్చండి. తిప్పి రెండో మూల, మూడో మూల.

నాలుగో మూల దగ్గరే తెలుస్తుంది పక్కన మనిషి విలువ. అప్పటికి బుట్ట స్ప్రింగులా విచ్చుకోవాలని చూస్తుంటుంది. లోపల బొటనవేలు, బయట చూపుడువేలు పెట్టి అంచుల్ని కలిపి పట్టుకుంటే, పుల్ల గుచ్చడానికి చెయ్యి మిగలదు. నేను పడతాను, ఆవిడ గుచ్చుతుంది. "ఏమండీ, వదలకండి, వదలకండి" అంటూ పెదవి బిగబట్టి పుల్ల దింపుతుంది. పుల్ల అవతలికి వచ్చిన టక్కు చప్పుడు వినిపించాక ఇద్దరం ఒకేసారి ఊపిరి వదులుతాం. తర్వాత బుట్టని కిటికీ వైపు ఎత్తి లోపలికి చూస్తుంది. అడుగున వెలుతురు చుక్క కనిపిస్తే ఆ బుట్ట పక్కకి పోయినట్టే.

ఆకు ఎక్కువ ఎక్కించమన్నది ఊరికే కాదు. మొదటి ఏడాది నేను ఒక్క వేలంతే ఎక్కించాను. పది నిమిషాలకి మూత తీస్తే కింద నీళ్ళు పాలలా ఉన్నాయి, పన్నెండులో ఏడు బుట్టలు ఖాళీ. అత్తగారికి ఫోన్ చేస్తే, "ఆకు దగ్గర పిసినారితనం చెయ్యకండి బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటతో మా పొట్టిక్కలు నిలబడ్డాయి. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం జాతరకి చుట్టాలంతా దిగుతారు. ఆ ముందురాత్రి అత్తవారింటి అరుగు మీద జంటలు జంటలుగా కూర్చుని బుట్టలు కుడతాం. పిల్లలు పుల్లలు అందిస్తుంటారు. నాకు పండగంటే ఆ రాత్రే.

మా ఇద్దరికీ పందెం ఉంటుంది. చెరో ఆరు బుట్టలు ఎవరివి వాళ్ళు కుట్టాలి, నాలుగో మూలకి మాత్రం చెయ్యి సాయం. అయ్యాక అన్నిట్లోనూ నీళ్ళు పోస్తాం. ఎవరి బుట్ట కారితే వాళ్ళు కొబ్బరి కోరాలి, గిన్నెలు కడగాలి. మొన్న ఆదివారం నావి ఆరూ నిలిచాయి. ఆవిడది ఒకటి చుక్కచుక్కగా కారింది.

"మీరు కదిపారండి."

"నేను ముట్టుకుంటే ఒట్టు."

"మళ్ళీ పొయ్యండి."

మళ్ళీ పోశాను, మళ్ళీ కారింది. కోరు తీసుకుని కూర్చుంది. సగం కాయ అయ్యాక మిగతా సగం నేను తీసుకున్నాను. కొబ్బరి కోరుతుంటే వచ్చే తునకలు తినడానికి ఇద్దరికీ ఇష్టమే.

బుట్టల్లో ముప్పావు వంతే పిండి వెయ్యండి, పొంగడానికి చోటుండాలి. ఇడ్లీ పాత్రలో ప్లేట్లు తీసేసి, చిల్లుల ప్లేటు పెట్టి, దానికి తగలకుండా నీళ్ళు పోసి బాగా మరగనివ్వండి. బుట్టలు ఒకదానికొకటి ఆనుకునేలా నిలబెడితే ఒరిగిపోవు. కుక్కరయితే వెయిట్ తీసేయాలి. మా అత్తగారు గుండిగలో అడుగున వరిగడ్డి పరిచి ఉడికిస్తారు, ఆ వాసన మాకు ఇక్కడ కుదరదు. మొదటి పది నిమిషాలు పెద్ద మంట, తర్వాత పదిహేను నిమిషాలు మధ్యరకం. ఈలోగా మేం అష్టాచెమ్మా వేస్తాం. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట. ఆట సగంలో ఉన్నా సరే, పనసాకు కమ్మటి వాసన వంటింటి బయటికి వస్తే లేవాల్సిందే. పుల్ల గుచ్చి చూడండి, పిండి అంటకుండా వస్తే ఉడికినట్టు. ఆకు పచ్చదనం పోయి గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది.

నంజుకోవడానికి కొబ్బరి చట్నీ ఎలాగూ ఉంది. అల్లం పచ్చడి కూడా ఉంటే ఆవిడ ముఖం వెలుగుతుంది. నాకు కారప్పొడీ నెయ్యీ చాలు. దించాక ఐదు నిమిషాలు ఆగి విప్పండి. వేడి మీద లాగితే పిండి ఆకుకి అంటుకుని వచ్చేస్తుంది. ముందు మూలల పుల్లలు నాలుగూ, తర్వాత బుట్టని బోర్లించి అడుగు పుల్ల. తీసిన పుల్లలు పళ్ళెం అంచున పెట్టుకుని ఐదూ వచ్చాయో లేదో లెక్క చూసుకోండి, పిల్లలకి పెట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం. మా ఇంట్లో లెక్క ఆవిడది, ఆకు విప్పడం నాది. విప్పిన మొదటి పొట్టిక్క మీద పనసాకు ఈనెల గీతలు అచ్చు దిగి ఉంటాయి. అది ఆవిడ పళ్ళెంలో వేస్తాను.