మినార్‌స్కీ కథ చెప్పాలంటే ముందు తలుపు చూపించండి

రెండో ప్రపంచ యుద్ధంలో, మంటల్లో చిక్కిన విమానం తోకలో ఇరుక్కున్న తోటివాణ్ని కాపాడబోయిన కెనడా సైనికుడు ఆండ్రూ మినార్‌స్కీ. ఆయన కథ పిల్లలకు మొదటిసారి చెప్పినప్పుడు ఘోరంగా చెడగొట్టాను. మంటలు, త్యాగం, విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం) అంటూ ఊపు మీదుంటే ఓ కుర్రాడు, "తోకలో ఇరుక్కున్నాయన తలుపు తీసుకుని వచ్చేయొచ్చు కదా సార్?" అన్నాడు. నోట మాట రాలేదు.

అందుకే ఇప్పుడు తలుపుతోనే మొదలుపెడతాను. మనిషి పట్టే అట్టపెట్టె ఒకటి తీసుకుని, ఒకవైపు తలుపులా కోయండి. ఒక పిల్లాణ్ని లోపల కూర్చోబెట్టి, కోసిన వైపు గది గుమ్మానికి ఆనించండి. లాంకాస్టర్ బాంబర్ తోకలోని టరెట్, అంటే తుపాకులు పేల్చేవాడు కూర్చునే తిరిగే గూడు, అదే. పెట్టె టరెట్, గది విమానం. పారాచూట్ గదిలో పెట్టండి, ఎందుకంటే టరెట్‌లో దానికి చోటుండదు. ఇప్పుడు పెట్టెను పక్కకు తిప్పేయండి. తలుపుకు గోడ అడ్డం.

టరెట్‌ను తిప్పేది హైడ్రాలిక్స్, అంటే గొట్టాల్లోని ద్రవం ఒత్తిడి. ఆ రాత్రి ఎడమవైపు ఇంజిన్లు రెండూ పోయాయి, దాంతో హైడ్రాలిక్సూ పోయాయి. చేత్తో తిప్పే హ్యాండిల్‌తో గింజుకుంటే అదీ విరిగింది. లోపలున్నది తోక తుపాకులు పేల్చే పాట్ బ్రోఫీ.

ఇంతవరకూ అర్థమైతే మిగతాది గబగబా చెప్పేయొచ్చు. 1944 జూన్ 12 రాత్రి, కెనడా వాయుసేన 419 స్క్వాడ్రన్ (విమాన దళం), గురి ఫ్రాన్స్‌లోని కాంబ్రే. జర్మన్ ఫైటర్ కొట్టింది, పైలట్ దూకేయమన్నాడు. ఆ సిబ్బందికి అది పదమూడో దాడి అని ఊరించకండి. పిల్లలు దాన్నే పట్టుకుంటారు.

ఇక్కడ మాత్రం నిదానించండి. విమానం నడుమ పై టరెట్‌లోని మినార్‌స్కీ దిగి దూకబోతూ బ్రోఫీని చూశాడు. మంటల్లోంచి వెనక్కి వెళ్లాడు. నడుము వరకూ బట్టలు, పారాచూట్ అంటుకున్నాయి. టరెట్‌ను కదిలించాలని తంటాలు పడ్డాడు, కదల్లేదు. బ్రోఫీయే వెళ్లిపొమ్మని సైగ చేశాడు. మినార్‌స్కీ వెనక్కి వచ్చి, అతని వైపు తిరిగి నిటారుగా నిలబడి, సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో చనిపోయాడు.

పెట్టెలోని పిల్లాణ్ని అప్పటిదాకా బయటికి రానివ్వకండి. ఆ సెల్యూట్‌కు సాక్షి ఒక్కడే, ఆ టరెట్‌లో ఉన్నవాడు. విమానం నేలను గుద్దినప్పుడు బ్రోఫీ బయటికి విసిరేసినట్టు పడి బతికాడు. అతను చెప్పాకే, 1946 అక్టోబరులో, విక్టోరియా క్రాస్ ప్రకటించారు.